టైపిస్టు ఉద్యోగం... బాస్కెట్‌బాల్ డ్యూటీ!

1930 ఫిబ్రవరి. అమెరికాలో షేర్ మార్కెట్ కుప్పకూలి అప్పటికి నాలుగు నెలలే. చేతిలో ఉన్న ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులు. కొత్త ఉద్యోగాల మాట దేవుడెరుగు. సరిగ్గా అలాంటి టైంలో టెక్సస్ రాష్ట్రంలోని బోమాంట్ అనే ఊళ్లో, ఇంకా హైస్కూల్ కూడా పూర్తికాని ఓ పద్దెనిమిదేళ్ల అమ్మాయికి ఉద్యోగం నడిచి వచ్చింది. డల్లాస్ నగరంలోని ఎంప్లాయర్స్ క్యాజువాల్టీ అనే ఇన్సూరెన్స్ కంపెనీలో ఆఫీసు పని. నెలకు 75 డాలర్ల జీతం. అప్లికేషన్ లేదు, రాత పరీక్ష లేదు. కంపెనీ మనిషి చూసింది ఒక్కటే. ఆ అమ్మాయి బాస్కెట్‌బాల్ ఎలా ఆడుతుందో.

ఆమె పేరు మిల్‌డ్రెడ్ ఎల్లా డిడ్రిక్సన్. లోకం పిలిచిన పేరు బేబ్. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలోనే గొప్ప మహిళా క్రీడాకారిణి ఎవరని 1950లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ అడిగితే, స్పోర్ట్స్ విలేకరులు ఎన్నుకున్నది ఆమెనే. ఒలింపిక్ పతకాలు, గోల్ఫ్ టైటిళ్ల గురించి చాలామందికి తెలుసు. అయితే వాటన్నిటికీ దారి వేసింది ఓ ఇన్సూరెన్స్ ఆఫీసులోని టైపిస్టు కుర్చీ. ఆ కుర్చీ కథ మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు. ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లు తెలుసుకోవాల్సింది ఎక్కువగా అక్కడే ఉంది.

గోనెసంచికి ఒక సెంటు

బేబ్ 1911 జూన్ 26న టెక్సస్‌లోని పోర్ట్ ఆర్థర్ అనే రేవు పట్టణంలో పుట్టింది. తర్వాత తర్వాత తన వయసు ఓ మూడు నాలుగేళ్లు తగ్గించి చెప్పుకునే అలవాటు చేసుకుంది కాబట్టి పాత పుస్తకాల్లో వేరే సంవత్సరాలు కూడా కనిపిస్తాయి. తల్లిదండ్రులు ఓలే, హన్నా నార్వే నుంచి వలస వచ్చినవాళ్లు. తండ్రిది వడ్రంగి పని. మొదట ఓడల మీద, తర్వాత ఫర్నిచర్ మెరుగు పెట్టడం. తల్లి నార్వేలో ఉన్న రోజుల్లో స్కేటింగ్‌లో, స్కీయింగ్‌లో దిట్ట. ఏడుగురు పిల్లల్లో బేబ్ ఆరోది. 1915లో వచ్చిన పెద్ద తుఫాను పోర్ట్ ఆర్థర్‌ను ముంచేశాక కుటుంబం దగ్గర్లోని బోమాంట్‌కు మారింది.

ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. తండ్రి పెరట్లోనే కర్రలూ ఇనుప కడ్డీలతో పిల్లలకు చిన్న వ్యాయామశాల కట్టాడు. బేబ్ అక్కడే వేలాడేది, దూకేది. వీధిలో ఇళ్ల ముందున్న కంచె మొక్కల మీంచి వరసగా దూకుతూ పోవడం ఆమె హర్డిల్స్ ప్రాక్టీస్. ఒక ఇంటి కంచె మరీ ఎత్తుగా ఉందని, ఆ ఇంటాయన్ని బతిమాలి కత్తిరింపించుకుంది కూడా.

స్కూల్లో ఉన్నప్పుడే పనికి వెళ్లింది. ముందు అంజీర పళ్లు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో. తర్వాత గోనెసంచులు కుట్టే చోట. సంచికి ఒక సెంటు. చేయి చురుగ్గా కదిలితేనే కూలి గిట్టే పని అది. అక్కడ అబ్బిన కుట్టుపని జీవితాంతం వదల్లేదు. బోమాంట్‌లో జరిగే సౌత్ టెక్సస్ స్టేట్ ఫెయిర్‌లో తాను కుట్టిన డ్రెస్సుకు మొదటి బహుమతి తెచ్చుకుంది. 1931లో బాస్కెట్‌బాల్‌లో తన టీమ్‌ను నేషనల్ చాంపియన్‌గా నిలిపింది. ఈ రెండూ ఒకే మనిషి చేసిందంటే ఆనాటి పత్రికలకు మింగుడుపడేది కాదు. ఆటలు ఆడే అమ్మాయి ఆడపిల్లలా ఉండదనే లెక్క వాళ్లది.

హైస్కూల్ టీమ్‌లో మొదట్లో ఆమెను తీసుకోలేదు. పొట్టిగా ఉందన్నారు. అబ్బాయిల టీమ్ కోచ్ దగ్గరకు వెళ్లి షాట్లు వేయడం నేర్చుకుని, పట్టుబట్టి టీమ్‌లోకి వచ్చింది. వచ్చాక పాయింట్లన్నీ ఆమెవే. ఆ స్కోర్లు హ్యూస్టన్, డల్లాస్ పత్రికల దాకా వెళ్లాయి. అక్కడే ఎంప్లాయర్స్ క్యాజువాల్టీ కంపెనీకి చెందిన ఎం.జె. మెక్‌కోంబ్స్ కంటపడ్డాయి. అందరూ కల్నల్ అని పిలిచే ఈయన కంపెనీలో మహిళల ఆటల వ్యవహారం చూసుకునేవాడు. ఆటగత్తెల కోసం ఊరూరా తిరగడమూ ఆయన పనే. హ్యూస్టన్‌లో ఓ మ్యాచ్‌లో బేబ్‌ను చూసి అక్కడికక్కడే ఆఫర్ ఇచ్చాడు. తల్లిదండ్రులను ఒప్పించి, మళ్లీ వచ్చి హైస్కూల్ పరీక్షలు రాసుకునేలా ఏర్పాటు చేసుకుని బేబ్ డల్లాస్ రైలెక్కింది. ఆ ఏడాది జూన్‌లో చదువు పూర్తి చేసింది.

ఇన్సూరెన్స్ కంపెనీకి బాస్కెట్‌బాల్ ఎందుకు?

ఇక్కడ కాసేపు ఆగి ఈ వ్యవస్థ ఎలా నడిచేదో చూడాలి. అది అర్థం కాకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు.

ఆ రోజుల్లో అమెరికాలో అమెచ్యూర్ ఆటలపై పెత్తనమంతా అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్‌ది. పొట్టిగా ఏఏయూ. 1888లో పుట్టిన సంస్థ. దాని మూలసూత్రం ఒక్కటే. ఆట ఆడినందుకు డబ్బు తీసుకోకూడదు. ఒక్కసారి తీసుకున్నా, ఆ పేరుతో లాభపడ్డా, అమెచ్యూర్ హోదా పోతుంది. ఒలింపిక్స్ తలుపు మూసుకుంటుంది. మరి డబ్బున్న ఇంట పుట్టినవాళ్లకు ఈ రూల్‌తో ఇబ్బందేమీ లేదు. గోనెసంచులు కుట్టే అమ్మాయి ఏం తిని ఆడాలి?

దానికి దారి చూపించింది కంపెనీలే. ఆటగాళ్లను ఉద్యోగులుగా పెట్టుకుంటారు. జీతం ఆఫీసు పనికి. ఆట ఖాళీ టైంలో సరదాకి. కాగితం మీద అంతా సక్రమం. ఏఏయూ అమ్మాయిల నేషనల్ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ 1926లో మొదలైంది. కొన్నాళ్లకు అది కాన్సస్ రాష్ట్రంలోని విచిటా పట్టణానికి చేరింది. అక్కడికి వచ్చే టీమ్‌ల పేర్లు చూస్తే స్పోర్ట్స్ పేజీ చదువుతున్నట్టు ఉండదు, బిజినెస్ పేజీ చదువుతున్నట్టు ఉంటుంది. ఆయిల్ కంపెనీలు, ఇన్సూరెన్స్ కంపెనీలు, బట్టల మిల్లులు. టైపూ షార్ట్‌హ్యాండూ నేర్పే బిజినెస్ కాలేజీలు కూడా. టల్సా బిజినెస్ కాలేజీ టీమ్ పేరే స్టెనోలు. 1934 నుంచి 1936 దాకా వరసగా మూడుసార్లు నేషనల్ చాంపియన్లు వాళ్లే. మన భాషలో చెప్పాలంటే టైప్ ఇన్‌స్టిట్యూట్ టీమ్ జాతీయ కప్పు కొట్టుకుపోయింది.

కంపెనీలకు ఏంటి లాభం? మొదటిది ఉచిత ప్రచారం. మ్యాచ్ గెలిచిన ప్రతిసారీ పేపర్లో కంపెనీ పేరు హెడ్‌లైన్‌లో పడుతుంది. ఇన్సూరెన్స్ పాలసీ గురించి ఎవరూ వార్త రాయరు కదా. రెండోది, ఉద్యోగులంతా గ్యాలరీలో కూర్చుని మన కంపెనీ, మన టీమ్ అని అరుస్తుంటే మేనేజ్‌మెంట్‌కు అంతకంటే కావాల్సిందేముంది? మన దగ్గర రైల్వేలు, బ్యాంకులు, పోలీసు శాఖల్లో స్పోర్ట్స్ కోటా ఉంది చూశారూ, ఆలోచన దాదాపు అదే. పెద్ద తేడా ఒకటుంది. ఇక్కడ కోటాలో వచ్చిన ఉద్యోగం ఆట ఆగిపోయాక కూడా ఉంటుంది. అక్కడ అలాంటి హామీ ఏమీ రాసివ్వలేదు.

ఎంప్లాయర్స్ క్యాజువాల్టీ టీమ్ పేరు గోల్డెన్ సైక్లోన్స్. డల్లాస్‌లోనే ఉన్న సన్ ఆయిల్ కంపెనీ టీమ్ వాళ్లకు బద్ధ ప్రత్యర్థి. 1928 నుంచి 1930 దాకా నేషనల్ టైటిల్ సన్ ఆయిల్ వాళ్లదే. అంటే బేబ్ వచ్చిన ఏడాది సైక్లోన్స్‌కు రెండో స్థానమే దక్కింది. మరుసటి ఏడాది, 1931లో, కప్పు సైక్లోన్స్ చేతికి వచ్చింది. 1932లో ఫైనల్లో ఓడారు. ఈ మూడేళ్లూ బేబ్ ఆల్ అమెరికన్ టీమ్‌కు ఎంపికైంది. అంటే దేశం మొత్తం మీద ఉత్తమ ఆటగత్తెల జాబితాలో చోటు. ఆనాటి అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఇప్పటిలా ఉండేది కాదని గుర్తుంచుకోవాలి. టీమ్‌కు ఆరుగురు, కోర్టును విడగొట్టి ఎవరి భాగంలో వాళ్లే ఆడాలి. అమ్మాయిలు ఎక్కువ పరిగెత్తితే ఆరోగ్యం పాడవుతుందనే భయంతో పెట్టిన రూల్స్ అవి. స్కోర్లు చాలా తక్కువగా ఉండేవి.

ప్రేక్షకులను రప్పించడం కల్నల్‌కు బాగా తెలుసు. అప్పటిదాకా అమ్మాయిలు వదులు బ్లూమర్లు వేసుకుని ఆడేవాళ్లు. ఆయన వాటిని తీసేసి మెరిసే రంగుల పొట్టి నిక్కర్లు పెట్టించాడు. జనం పోటెత్తారు. ఆట చూడ్డానికి వచ్చారా, నిక్కర్లు చూడ్డానికి వచ్చారా అంటే కల్నల్‌కు ఆ పట్టింపు లేదు. టికెట్లు తెగాయి. ఆడేవాళ్లకు పరుగు తేలికైందన్నది కూడా నిజమే. కానీ ఆ నిర్ణయం తీసుకునే ముందు ఆడేవాళ్ల గురించి ఎంత ఆలోచించారో ఊహించుకోవచ్చు.

75 డాలర్ల లెక్క

బేబ్‌కు ఆఫీసు పని రాదని అనుకోకండి. టైపింగ్ హైస్కూల్లోనే నేర్చుకుంది, స్పీడు బాగా ఉండేది. పొద్దున ఆఫీసు, సాయంత్రం ప్రాక్టీస్, రాత్రి మ్యాచ్. టీమ్ అమ్మాయిలంతా ఒకే పేటలో అద్దె గదుల్లో ఉండేవాళ్లు. జీతంలో తన ఖర్చులకు కాస్త ఉంచుకుని మిగతాది ఇంటికి పంపేది. ఆర్థిక మాంద్యం ముదిరిన కొద్దీ బోమాంట్‌లోని ఇల్లు ఆ మనియార్డరు మీదే ఆధారపడింది.

కొన్నాళ్లకు ఆమెకు ఓ విషయం అర్థమైంది. గ్యాలరీ నిండుతోంది తన వల్ల. పేపర్లో కంపెనీ పేరు వస్తోంది తన వల్ల. జీతం మాత్రం టైపిస్టు జీతమే. వేరే కంపెనీల టీమ్‌ల నుంచి పిలుపులు రావడం మొదలైంది. బోమాంట్ పత్రికలో టైనీ స్కర్‌లాక్ అనే స్పోర్ట్స్ ఎడిటర్ ఉండేవాడు, మొదటి నుంచీ ఆమె గురించి రాసినవాడు. ఆయనకు ఆమె రాసిన ఉత్తరాల్లో ఈ లెక్కలే ఎక్కువ. ఎక్కడ ఎంత ఇస్తామంటున్నారు, వెళ్తే ఎలా ఉంటుంది, ఇక్కడ పెంచమని అడగొచ్చా. చివరికి వెళ్లలేదు. ఎంప్లాయర్స్ క్యాజువాల్టీలోనే ఉండి, జీతం పెంచుకుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏ అమ్మాయి అయినా ఫ్రెండ్‌కు పెట్టే వాట్సాప్ మెసేజ్‌లకూ ఆ ఉత్తరాలకూ పెద్ద తేడా లేదనిపిస్తుంది.

కంపెనీ పక్షాన ఒక మాట చెప్పాలి. బాస్కెట్‌బాల్ సీజన్ అయిపోగానే ఖాళీగా ఉండటం ఇష్టంలేని బేబ్‌కు కల్నల్ 1930 వేసవిలో ట్రాక్ అండ్ ఫీల్డ్ చూపించాడు. జావెలిన్ అంటే ఏంటో, హర్డిల్ ఎలా దాటాలో అక్కడే మొదటిసారి పద్ధతిగా నేర్చుకుంది. కంపెనీ ఆ పోటీలకూ టీమ్ పెట్టింది. ఆమెలో ఇంకేం ఉందో బయటపడింది అలాగే. ఆ ఉద్యోగం లేకపోతే ఒలింపిక్ బేబ్ లేదు.

ఒక్కరే టీమ్

1932 జులై 16. షికాగో పక్కనే ఉన్న ఎవాన్‌స్టన్. ఏఏయూ మహిళల జాతీయ అథ్లెటిక్స్ పోటీలు. అవే ఒలింపిక్ ట్రయల్స్ కూడా. దేశం నలుమూలల నుంచి క్లబ్‌లు పది మందినీ ఇరవై మందినీ తీసుకొచ్చాయి. ఎంప్లాయర్స్ క్యాజువాల్టీ పంపిన టీమ్‌లో ఉన్నది ఒక్కరే. బేబ్.

ఇది కల్నల్ ఆలోచన. పాయింట్ల లెక్క వేసుకుని చూస్తే, ఈ అమ్మాయి ఒక్కతే టీమ్ చాంపియన్‌షిప్ గెలవగలదని ఆయనకు అనిపించింది. గెలిస్తే కంపెనీకి వచ్చే ప్రచారం మామూలుగా ఉండదు. ఓడితే నవ్వులపాలు. ఆ భారమంతా మోయాల్సింది ఇరవై ఒక్కేళ్ల బేబ్. ముందు రోజు రాత్రి ఆందోళనతో కడుపునొప్పి వచ్చి సరిగా నిద్రపోలేదు. పొద్దున లేటై, ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ట్యాక్సీలోనే బట్టలు మార్చుకుని స్టేడియానికి చేరానని ఆమే తర్వాత తన ఆత్మకథలో రాసుకుంది.

మొత్తం పది ఈవెంట్లు. ఎనిమిదింటిలో ఆమె దిగింది. ఒక చోట హీట్ పరిగెత్తి, ఊపిరి తీసుకుని, ఇంకో చోట షాట్ విసిరి, మళ్లీ లాంగ్ జంప్ గుంట దగ్గరకు పరుగు. మిగతా క్లబ్‌ల అమ్మాయిలు ఒక్కో ఈవెంట్‌కు ఒక్కొక్కరు తాపీగా సిద్ధమవుతున్నారు. ఆమెకు నీళ్లు తాగే తీరిక కూడా దొరికినట్టు లేదు. షాట్‌పుట్, బేస్‌బాల్ త్రో, జావెలిన్, లాంగ్ జంప్, 80 మీటర్ల హర్డిల్స్. ఐదింటిలో మొదటి స్థానం. హై జంప్‌లో జీన్ షైలీ అనే అమ్మాయితో సమానంగా మొదటి స్థానం. డిస్కస్‌లో నాలుగు. ఈ మధ్యలోనే ప్రపంచ రికార్డులు కూడా. అంతా ఒక్క మధ్యాహ్నంలో.

సాయంత్రం పాయింట్లు కూడారు. ఎంప్లాయర్స్ క్యాజువాల్టీ 30. రెండో స్థానంలో ఇల్లినాయ్ విమెన్స్ అథ్లెటిక్ క్లబ్, 22 పాయింట్లు. ఆ క్లబ్ నుంచి దిగినవాళ్లు కూడా 22 మందే. ఒక్క అమ్మాయి, మొత్తం టీమ్ టైటిల్. అథ్లెటిక్స్ చరిత్రలో ఇలాంటి మధ్యాహ్నం ఇంకోటి చూపించడం కష్టం.

అక్కడి నుంచి లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు. ఆడవాళ్లు మూడు ఈవెంట్లకు మించి పాల్గొనకూడదని రూల్. జావెలిన్‌లో 43.68 మీటర్లతో బంగారం. 80 మీటర్ల హర్డిల్స్‌లో 11.7 సెకన్ల ప్రపంచ రికార్డుతో బంగారం. రెండో స్థానంలో వచ్చిన ఎవలిన్ హాల్ టైమ్ కూడా అంతే, అంగుళాల తేడా. హై జంప్‌లో మళ్లీ జీన్ షైలీతో సమానంగా 1.65 మీటర్లు దూకింది. కానీ తల ముందుగా బార్ దాటుతోందని, అది రూల్‌కు విరుద్ధమని చివర్లో తేల్చి వెండి ఇచ్చారు. అంతకు ముందు జంపులన్నీ అలాగే దూకింది కదా, అప్పుడెందుకు అనలేదని అడిగితే ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

ఆమె అందరికీ నచ్చే మనిషి కాదు. గెలవబోయేది నేనే, రెండో స్థానం కోసం మీరు చూసుకోండి అన్నట్టు మాట్లాడేది. సాటి అమ్మాయిలకు ఒళ్లు మండేది. ఇంతకంటే చెడ్డ మాట ఒకటుంది. ఒలింపిక్స్‌కు వెళ్లే రైల్లో, టీమ్‌లో ఉన్న ఇద్దరు నల్లజాతి అమ్మాయిలు టైడీ పికెట్, లూయీస్ స్టోక్స్ పడుకుని ఉంటే వాళ్ల మీద ఐసు నీళ్లు కుమ్మరించింది. ఈ సంగతి పికెట్ స్వయంగా చెప్పింది. బేబ్ ఎదిగి వచ్చిన కంపెనీ టీమ్‌లన్నీ తెల్లవాళ్లవేనన్నది కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. పేదింటి అమ్మాయికి తెరుచుకున్న ఆ తలుపు అందరికీ తెరుచుకోలేదు.

కారు ప్రకటనతో వచ్చిన చిక్కు

డల్లాస్‌లో ఆమెకు ఊరేగింపుతో స్వాగతం పలికారు. తర్వాత మళ్లీ ఆఫీసు. దేశమంతా తెలిసిన మనిషి, అదే టైపు మిషన్. ఆ ఏడాది డిసెంబర్‌లో ఓ డాడ్జ్ కారు ప్రకటనలో ఆమె ఫొటో వచ్చింది. తనకు తెలియకుండా వేశారని ఆమె చెప్పింది. ఏఏయూ వినలేదు, అమెచ్యూర్ హోదా సస్పెండ్ చేసింది. కార్ల డీలర్ తప్పు ఒప్పుకున్నాక మళ్లీ ఇచ్చింది. అప్పటికే బేబ్ విసిగిపోయింది. మూడేళ్లపాటు ఇన్సూరెన్స్ కంపెనీకి తన పేరుతో ప్రచారం తెచ్చిపెడితే అది అమెచ్యూర్ ఆట. ఒక కారు పక్కన ఫొటో కనిపిస్తే అది నేరం. ఈ రెండింటికీ తేడా ఏంటో ఆలోచిస్తే ఎవరికైనా చిరాకే. హోదా మీరే ఉంచుకోండి అన్నట్టు ప్రొఫెషనల్‌గా మారిపోయింది.

మారింది సరే, ప్రొఫెషనల్‌గా ఆడ్డానికి ఏముంది? ఏమీ లేదు. ఆడవాళ్లకు ప్రో లీగ్ ఏదీ లేని కాలం. దాంతో ఏది దొరికితే అది చేసింది. ఆటో షోలో క్రైస్లర్ కంపెనీ స్టాల్ దగ్గర నిలబడి ఆటోగ్రాఫ్‌లు ఇచ్చింది. షికాగో ప్యాలెస్ థియేటర్ స్టేజీ మీద ట్రెడ్‌మిల్‌పై పరిగెత్తి, హార్మోనికా వాయించింది. డబ్బు బాగానే వచ్చినా పొద్దస్తమానం నాలుగు గోడల మధ్య ఉండటం నచ్చక వారానికే మానేసింది. తన పేరుతో ఓ బాస్కెట్‌బాల్ టీమ్ కట్టి, మగవాళ్ల టీమ్‌లతో ఊరూరా ఆడింది. 1934లో గడ్డాలు పెంచుకుని ఆడే హౌస్ ఆఫ్ డేవిడ్ అనే బేస్‌బాల్ టీమ్‌తో పిచ్చర్‌గా తిరిగింది. పేపర్లు ఆమె నడకనూ మొహాన్నీ ఎగతాళి చేస్తూనే ఉన్నాయి. ఆమె ఇంటికి డబ్బు పంపుతూనే ఉంది. మధ్యలో చేతిలో పనిలేనప్పుడు తలుపు తీసి ఉన్న చోటు పాత ఆఫీసే. ఎంప్లాయర్స్ క్యాజువాల్టీ ఆమెను మళ్లీ తీసుకుంది, ముందటి కంటే మంచి జీతానికి.

మళ్లీ మొదటి మెట్టు నుంచి

గోల్ఫ్‌కు రావడం వెనకా లెక్క ఉంది. ఆడవాళ్లు పెద్ద వయసు దాకా ఆడగలిగేది, జనం గౌరవంగా చూసేది అప్పట్లో గోల్ఫ్, టెన్నిస్ లాంటివే. ఆఫీసు లంచ్ టైంలో కూడా ప్రాక్టీస్. సాయంత్రం చేతులు బొబ్బలెక్కి రక్తం కారేదాకా బంతులు కొట్టి, టేపు చుట్టుకుని మళ్లీ కొట్టేది. 1935 ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో టెక్సస్ మహిళల అమెచ్యూర్ టోర్నమెంట్ గెలిచింది. కంట్రీ క్లబ్ కుటుంబాలకు ఈ వడ్రంగి కూతురు రావడం నచ్చలేదు. గెలిచిన కొద్ది రోజులకే ఫిర్యాదు వెళ్లింది. వేరే ఆటల్లో డబ్బు తీసుకున్న మనిషి గోల్ఫ్‌లో అమెచ్యూర్ ఎలా అవుతుందని అమెరికా గోల్ఫ్ సంఘం ఆమెను అమెచ్యూర్ పోటీల నుంచి నిషేధించింది. మూడేళ్ల కిందట ఒక దెబ్బ, ఇప్పుడు అదే దెబ్బ.

పెద్ద ఆటగాడు జీన్ సారాజెన్‌తో కలిసి ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడుతూ ఆట మెరుగుపరుచుకుంది. 1938లో మగవాళ్ల లాస్ ఏంజెలిస్ ఓపెన్‌లో ఆడినప్పుడు ఆమెతో జోడీ పడిన జార్జ్ జహారియస్ అనే మల్లయోధుణ్ని అదే ఏడాది డిసెంబర్‌లో పెళ్లి చేసుకుంది. ఆయన సంపాదన బాగుండటంతో ఒక పని చేయగలిగింది. డబ్బు తీసుకోకుండా ఏళ్ల తరబడి ఎదురుచూసి, 1943లో అమెచ్యూర్ హోదా తిరిగి తెచ్చుకుంది. 1946లో అమెరికా అమెచ్యూర్ టైటిల్. 1947లో స్కాట్లండ్‌లోని గలన్‌లో బ్రిటిష్ మహిళల అమెచ్యూర్ టైటిల్. అది గెలిచిన మొదటి అమెరికన్ ఆమే. అది చేతికి రాగానే మళ్లీ ప్రొఫెషనల్.

ఈసారి ఆడ్డానికి లీగ్ లేకపోతే ఎలా అని కూర్చోలేదు. 1950లో మరో 12 మందితో కలిసి మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ సంఘం ఎల్‌పీజీఏను పెట్టింది. మొదట్లో దానికి అండగా నిలిచింది విల్సన్ అనే క్రీడా సామగ్రి కంపెనీ. మళ్లీ కంపెనీ స్పాన్సర్‌షిప్పే. అయితే ఈసారి సంఘం ఆటగత్తెలది, ప్రైజ్ మనీ వాళ్ల పేరు మీదే. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

1953లో పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. బోమాంట్‌లోనే ఆపరేషన్ చేశారు. పొట్టకు సంచి పెట్టాల్సి వచ్చింది. అప్పట్లో క్యాన్సర్ అనే మాట ఇంట్లో కూడా గుసగుసగా చెప్పుకునేవాళ్లు. బేబ్ పేపర్లకు బహిరంగంగా చెప్పింది, క్యాన్సర్ విరాళాల కోసం తిరిగింది. మరుసటి ఏడాది, 1954లో, మసాచుసెట్స్‌లోని సేలమ్ కంట్రీ క్లబ్‌లో జరిగిన యూఎస్ విమెన్స్ ఓపెన్‌లో దిగింది. ఆ సంచితోనే. 12 స్ట్రోక్‌ల తేడాతో గెలిచింది. ఆ టైటిల్ ఆమెకు మూడోది. అయితే జబ్బు తిరగబెట్టింది. 1956 సెప్టెంబర్ 27న గాల్వెస్టన్ ఆసుపత్రిలో కన్నుమూసింది. వయసు 45.

ఆ కంపెనీ టీమ్‌లు ఏమయ్యాయి?

బేబ్ వెళ్లిపోయాక కూడా కంపెనీల బాస్కెట్‌బాల్ చాలాకాలం బతికింది. మగవాళ్ల వైపు 1947లో నేషనల్ ఇండస్ట్రియల్ బాస్కెట్‌బాల్ లీగ్ పేరుతో ఏకంగా ఒక లీగ్ పెట్టుకున్నారు. ఆయిల్ కంపెనీ ఫిలిప్స్ 66, ట్రాక్టర్ల కంపెనీ క్యాటర్‌పిల్లర్, టైర్ల కంపెనీ గుడ్‌ఇయర్... వీటి టీమ్‌ల నుంచే ఒలింపిక్ జట్లకు ఆటగాళ్లు, కోచ్‌లు వెళ్లేవారు. ఏడడుగుల పొడవున్న బాబ్ కుర్లండ్ ప్రొఫెషనల్ ఆట వద్దనుకుని ఫిలిప్స్‌లో చేరాడు. 1948, 1952 ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు తెచ్చుకున్నాడు. ఆట మానేశాక అదే కంపెనీలో పెద్ద ఉద్యోగిగా ఎదిగాడు. అప్పటి ప్రొఫెషనల్ జీతాలు అంతంతమాత్రమే కాబట్టి అది తెలివైన ఎంపికే. ఆ జీతాలు పెరిగేకొద్దీ ఆఫీసు కుర్చీ మీద మోజు తగ్గింది. లీగ్ 1961తో ముగిసింది. ఫిలిప్స్ 1968లో టీమ్‌ను రద్దు చేసింది.

అమ్మాయిల వైపు విన్‌స్టన్ సేలమ్‌లోని హేన్స్ మేజోళ్ల మిల్లు టీమ్ 1950ల మొదట్లో వరసగా 102 మ్యాచ్‌లు గెలిచింది. మూడు నేషనల్ టైటిళ్లు సాధించాక టీమ్‌ను ఎత్తేశారు. నాష్‌విల్ బిజినెస్ కాలేజీ 11 టైటిళ్లు గెలిచి 1969లో తప్పుకుంది. ఈ అమ్మాయిలకు కుర్లండ్ లాంటి ప్రమోషన్లు ఉండేవి కావు, ఇంకో చోట ప్రో కాంట్రాక్టూ లేదు. టీమ్ పోతే ఆట పోయినట్టే.

మూడేళ్లు ఆల్ అమెరికన్‌గా ఉన్న బేబ్ ఒలింపిక్స్‌లో ఎందుకు బాస్కెట్‌బాల్ ఆడలేదని మీకు ఈపాటికి సందేహం వచ్చే ఉంటుంది. 1932లో ఆ ఆట ఒలింపిక్స్‌లో లేదు. మగవాళ్లకు 1936లో పెట్టారు. ఆడవాళ్లకు 1976లో, మాంట్రియల్‌లో. బేబ్ చనిపోయి అప్పటికి ఇరవై ఏళ్లు.